ఒక్క గీతగా పడిన ఇరవైముగ్గురు

మునిసిపల్ కమిషనర్ గారి సముఖమునకు, పాత రైలుకట్ట నడకదారి లెక్కింపులో గోదాముల వైపు కూర్చున్న డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థిని రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పాత రైలుకట్ట నడకదారికి గ్రాంటు కోరుతూ కౌన్సిల్ వారు పంపబోవు దరఖాస్తు నుండి గోదాముల వైపు సగమును తొలగించుటపై అభ్యంతరం, మరియు పార్కు వైపు లెక్కించిన మా వదినపై కొన్ని ఫిర్యాదులు.

సూచిక: గత శుక్రవారం సమావేశంలో చదివిన ముసాయిదా తీర్మానం.

తమకు విన్నవించునది ఏమనగా, పట్టాలు ఎత్తివేసిన తరువాత మిగిలిపోయిన రైలుకట్టను నడకదారిగా బాగుచేయుటకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తున్నదనియు, కట్టను పార్కు సగం, గోదాముల సగం అని విభజించి, రోజుకు సగటున నూట యాభైమందికి తక్కువ కాకుండా నడిచే సగానికే గ్రాంటు అడుగవలెనని నిబంధన ఉన్నదనియు తమకు తెలిసినదే. నడిచేవారిని లెక్కించుటకు మా కళాశాల నుండి ఇద్దరిని తీసుకున్నారు. పార్కు గేటు దగ్గర మా వదిన కూర్చున్నది. గోదాముల వైపు, ఇనుప వంతెన ఇవతల, నేను కూర్చున్నాను. వారం రోజులు, ఉదయం ఆరు నుండి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుండి ఏడు. ఆమెకు రోజుకు నాలుగు వందల పన్నెండు మంది వచ్చారు. నాకు అరవై ఒక్కరు వచ్చారు.

వదిన అనగా మా మేనమామ కూతురు. నాకంటె నాలుగు నెలలు పెద్ద. ఆ నాలుగు నెలల కారణంగా ఆమెను జీవితాంతం వదినా అని పిలువవలసి యున్నది. వారు మేడమీద, మేము కింద. ఆమెది గణాంకశాస్త్రం, నాది సాహిత్యం. ఇద్దరం ఒకే బస్సులో కళాశాలకు వెళ్తాము.

లెక్కపై అభ్యంతరం ఉన్నచో లెక్కించినవారే, కారణం చూపుతూ, సోమవారం మధ్యాహ్నం పన్నెండు లోపల రాతపూర్వకంగా ఇవ్వవలెనని ముసాయిదా చివర చిన్న అక్షరాలలో ఉన్నది. గోదాముల వైపు లెక్కించినది నేను ఒక్కతెను. నేను రాయకపోతే ఇంకెవరూ రాయుటకు వీలులేదు. బుధవారం తీర్మానం ఖాయమైతే ఆ సగం దరఖాస్తులో ఇక ఉండదు. కాబట్టి ఈ దిగువ అంశములు తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. స్థల కేటాయింపు సక్రమంగా జరగలేదు. పార్కు గేటు దగ్గర చెట్టు నీడ, సిమెంటు బెంచీ, మంచినీళ్ళ కుళాయి ఉన్నవి. గోదాముల వైపు పాత కాటా గది అరుగు తప్ప మరేమీ లేదు. అన్ని సౌకర్యములు ఒకే అభ్యర్థికి కల్పించుట సమానత్వానికి విరుద్ధము. అయితే, ఎక్కడ కూర్చుంటారని సహాయ ఇంజినీరు గారు అడిగినప్పుడు గోదాముల వైపు కావాలని నేనే చెయ్యెత్తాననునది కూడా తమకు తెలియపరచుట నా విధి. పార్కులో జనం ఆరోగ్యం కోసం నడుస్తారు, వారి గురించి రాయడానికి ఏముంటుంది అనుకున్నాను.

2. మా వదిన తోపుడుబండిలోని పసిబిడ్డను ఒక గీతగాను, తోస్తున్న తల్లిని ఒక గీతగాను వేసినది. పసిబిడ్డ నడిచెనా? నడువలేదు. నడకదారిపై నడువని వ్యక్తిని నడిచిన వ్యక్తిగా చూపుట ఎంతవరకు న్యాయమో తమరే ఆలోచించవలెను. ఇంటిదగ్గర నిలదీస్తే, "వాడు ఇంకో ఏడాదికి నడుస్తాడే, దారి పాతికేళ్ళు ఉంటుంది," అన్నది. ఈ జవాబు నాకు రానందుకు ఆ రోజంతా ఏ పనీ చెయ్యలేకపోయాను.

3. పార్కులో ఒకే మనిషి ముందుకు వెనక్కు నాలుగైదుసార్లు తిరుగుతాడు గనుక ఒక్కొక్కరికి నాలుగైదు గీతలు పడి ఉంటాయని నా ఆరోపణ. విచారించగా, ఆమె వేరే పుస్తకంలో చొక్కా రంగు, చెప్పుల రకం రాసుకుని ఎవరినీ రెండోసారి లెక్కించలేదని తేలినది. కాబట్టి ఈ ఆరోపణను ఉపసంహరించుకొనుచున్నాను. కొట్టివేయుటలేదు. కొట్టివేస్తే తరువాతి అంకెలన్నీ దిద్దవలసి వచ్చును, కాగితం అసహ్యంగా కనబడును.

4. గత శుక్రవారం సమావేశంలో అధ్యక్షురాలు గారు మా వదిన లెక్కపత్రాన్ని పైకెత్తి సభ్యులందరికీ చూపించారు. "చూడండి, అచ్చు వేసినట్టు లేదూ?" అన్నారు. నాలుగు నిలువు గీతలు, ఐదవది అడ్డం. మళ్ళీ నాలుగు, మళ్ళీ అడ్డం. ఏడు రోజులు, ఒక్క కొట్టివేత లేదు. తరువాత ఆమెను పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టారు.

పిమ్మట నా లెక్కపత్రం తీశారు. సహాయ ఇంజినీరు గారు కళ్ళజోడు సవరించుకుని, నేను రిమార్కుల గడిలో రాసిన ఒక వాక్యం పైకి చదివారు: "ఇతని కాళ్ళు ఇంటికి వెళ్తున్నవి, ముఖము ఇంకా పనిలోనే ఉన్నది." చదివి, "ఇంతకీ ఇతను ఒకడా, ఇద్దరా?" అని అడిగారు. సభ నవ్వింది. వెనుక నిలబడిన టీ తెచ్చినాయన కూడా నవ్వాడు. తమరు నవ్వలేదు. అందుకే అధ్యక్షురాలు గారికి కాక తమకు రాస్తున్నాను.

ఆ సాయంత్రం మా మామయ్య మేడ దిగి వచ్చి, "బావగారూ, విన్నారా, మా పిల్ల కాగితాన్ని కౌన్సిల్లో ఎత్తి చూపించారట!" అన్నాడు. మా నాన్న, "మాదానిది కూడా చదివి వినిపించారటగా," అన్నాడు. "ఆఁ, చదివార్ట, చదివార్ట. కడుపుబ్బా నవ్వుకున్నార్ట," అన్నాడు మామయ్య. మెట్ల మీద నుంచి వదిన, "నాన్నా, నువ్వు పైకి రా ముందు," అని అరిచింది.

నాకు అన్నిటికంటె ఎక్కువ మంట పుట్టించినది ఆ అరుపే. పేరూ ఆమెకే, ముందు వరుస కుర్చీ ఆమెకే, చివరికి నన్ను వెనకేసుకొచ్చే మంచితనం కూడా ఆమెకేనా? నాకు ఏదైనా ఒక్కటి మిగల్చకూడదా? ఇది కౌన్సిల్ పరిధిలోని విషయం కాదని ఎరుగుదును. అయినను నమోదు చేయవలసినదిగా ప్రార్థన.

5. ఇక మా అమ్మ. మా అమ్మ గోదాముల అవతల ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఇస్త్రీ పని చేయును. తమ ముసాయిదా ప్రతిని అక్కడి నోటీసు బోర్డు మీద అంటించారు. శనివారం ఆమె ఇంటికి వచ్చి, చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి అడిగింది.

"'గోదాముల వైపు వినియోగం స్వల్పం' అని రాశారు. స్వల్పం అంటే ఏమిటే?"

"కొద్దిగా అని, అమ్మా."

"కొద్దిగా అంటే ఎవరూ నడవట్లేదనా, నడిచేవాళ్ళం లెక్కలోకి రామనా?"

నేను ఆమె చేతిలోని సంచి అందుకున్నాను.

"ఇంక ఆ వంతెనకి చెక్కలు వెయ్యరన్నమాట," అంది. నావైపు తిరిగి, "నువ్వేగా అక్కడ కూర్చున్నది? రోజూ నీకు చెయ్యి కూడా ఊపాను," అంది. తరువాత చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, ఏమీ జరగనట్టు కుక్కర్ కడిగింది.

స్వల్పం అనే మాట అంతకుముందు నాకు చాలా ఇష్టం. పలకడానికి బాగుంటుందని వ్యాసాల్లో ఎక్కడపడితే అక్కడ వాడేదాన్ని.

6. పై అయిదు అంశములు రాసిన పిదప, అసలు కారణం ఇంకా రాయలేదని గమనించితిని. నిబంధన ప్రకారం కారణం చూపవలెను గనుక ఇప్పుడు రాయుచున్నాను.

లెక్కింపుకు ముందురోజు సహాయ ఇంజినీరు గారు మా ఇద్దరికీ ఒకే సూచన ఇచ్చారు: మనిషికి ఒక గీత. పత్రం కుడివైపున రిమార్కుల గడి ఉన్నది. అది వాన పడినా, దారి మూసివేసినా రాయుటకు. మా వదిన ఆ గడిలో వారం మొత్తం మీద రెండు మాటలు రాసినది: "బుధవారం జల్లు."

నేను ఆ గడి నింపాను. గడి చాలక అంచుల్లో రాశాను, అంచులు చాలక వెనుక రాశాను. ఒక ముసలాయన రెండు చేతులా రెండు నీళ్ళ క్యాన్లు పట్టుకుని వచ్చాడు. ఆయన ఎలా నడుస్తున్నాడో సరిగ్గా చెప్పే మాట కోసం వెదికాను. "తూగుతూ" కాదు, "ఒరుగుతూ" కాదు. "తనను తాను తూచుకుంటూ" అని దొరికినప్పుడు ఒళ్ళు ఝల్లుమంది. తలెత్తి చూస్తే అప్పటికే ఒక సైకిలు, ముగ్గురు హమాలీలు, బడిసంచులతో పిల్లలు నా ముందునుంచి వెళ్ళిపోతున్న వీపులుగా కనబడ్డారు. వీపులకు గీతలు వెయ్యలేదు. ముఖాలు చూడకుండా వేస్తే అబద్ధమవుతుందనిపించింది.

రోజూ ఉదయం లాండ్రీ ఆడవాళ్ళు వచ్చేవారు. ఇరవైముగ్గురు. వారికి నేను వేసినది ఒక్క గీత. పక్కన ఇలా ఉన్నది: "గలగలలాడుతూ ఒక గుంపు, ఉదయమే తన గొంతు తెచ్చుకున్నట్లు." ఏడు రోజులూ ఏడు గీతలు. మొదటిరోజు ఆ గీత కిందనే ఇంకో వాక్యం ఉన్నది: "గుంపులో ఒకామె చెయ్యి ఊపినది, ఆ ఊపులో పిలుపు లేదు, ఉన్నానని చెప్పడం మాత్రమే ఉన్నది."

ఆ ఒకామె మా అమ్మ. నేను తిరిగి చెయ్యి ఊపలేదు. రాస్తూ ఉండిపోయాను.

అరవై ఒక్కరు అన్నది ఈ విధంగా వచ్చిన అంకె. గోదాముల వైపు వినియోగం స్వల్పం కాదు. నా గీతలు స్వల్పం.

7. ఆదివారం ఉదయం పత్రాలన్నీ పట్టుకుని మేడ ఎక్కాను. మా వదిన బట్టలు ఆరేస్తున్నది. సంగతి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే సుఖంగా ఉండేది. ఆమె తడిచేతులు తుడుచుకుని, పెన్సిలు తెచ్చుకుని నేల మీద కూర్చుంది.

"నువ్వు రాసినదాంట్లో మనుషులున్నారుగా. వాళ్ళనే లెక్కపెడదాం," అంది.

ఒక గంట లెక్కపెట్టింది. హమాలీల దగ్గర గీత లేకపోయినా ముగ్గురు అని రాశాను గనుక మూడు వేసుకుంది. కొన్నిచోట్ల ఆగిపోయింది.

"'బడిపిల్లలు పిచ్చుకల్లా' అన్నావు. ఎంతమందే?"

"గుర్తులేదు వదినా. చాలామంది."

"చాలామంది అని అంకె లేదు. పోనీ, ఇదేమిటి, 'ఎవరో పాట పాడుతూ.' ఆడా, మగా?"

"కనబడలేదు. పాట వినబడింది."

"నువ్వు పాటలకి కూడా రిమార్కు రాశావా?" అని నుదురు కొట్టుకుంది. "పోనీ 'గలగలలాడుతూ ఒక గుంపు', దీనికి ఎంత వెయ్యమంటావు?"

"ఇరవైముగ్గురు. అమ్మని అడిగాను."

"ఎప్పుడు అడిగావు?"

"నిన్న రాత్రి."

"నిన్న అడిగింది కాదు, ఆ రోజు చూసింది కావాలి. నువ్వు చూశావా ఇరవైముగ్గుర్ని?"

చూశాను. లెక్కపెట్టలేదు. ఈ రెండింటికీ మధ్య తేడా ఉంటుందని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

అప్పుడు ఆమె చెయ్యి ఊపిన వాక్యం దగ్గరికి వచ్చింది. చదివింది. మళ్ళీ చదివింది. ఆమె ఏ వాక్యాన్నీ రెండోసారి చదవగా నేను చూడలేదు. "ఇది అత్తయ్యే కదా?" అంది. అవునన్నాను. "ఎంత బాగా రాశావే," అంది. వెంటనే, "మరి గీత ఏదే?" అంది.

నా జన్మలో నాకు దక్కిన మొదటి మెప్పును ఆమె అంతసేపు మాత్రమే నా దగ్గర ఉండనిచ్చింది.

మొత్తం మీద ఆమె కచ్చితంగా తేల్చగలిగినది రోజుకు నూట పద్దెనిమిది. నూట యాభైకి చాలదు. ఇంకా ఎందరో నా వాక్యాల్లో ఉన్నారు గాని వారిని బయటికి తీసే మార్గం లేదు. కాగితం మీద ఇది తేలదు. కట్ట మీదే తేలవలెను.

కావున తమను ప్రార్థించునది:

గోదాముల వైపు నా లెక్కను రద్దుచేసి, బుధవారం సమావేశం లోపల, రేపు మంగళవారం ఒక్కరోజైనా, ఉదయం సాయంత్రం తిరిగి లెక్కింపు జరిపించవలెను. తీర్మానాన్ని అంతవరకు నిలిపి ఉంచవలెను.

ఆ లెక్కింపును నాకు అప్పగించవద్దు. ఆ గడి ఎదురుగా ఉంటే రాయకుండా ఉండగలనని ప్రమాణం చెయ్యలేను. మా వదినకు అప్పగించవలెను. ఈ వాక్యాన్ని నాలుగుసార్లు చిత్తుప్రతి చేశాను. "అనుభవజ్ఞులకు" అని ఒకసారి, "తగినవారికి" అని ఒకసారి రాసి చూశాను. తమకు అర్థం కాకపోతే మళ్ళీ నాలాంటివారినెవరినైనా కూర్చోబెడతారని భయమేసింది. కాబట్టి తేటగా రాయుచున్నాను: ఆమెకే. ఆమె లెక్కను కౌన్సిల్ నమ్మును. నేనునూ నమ్ముచున్నాను. నమ్మకుండా ఉండుటకు వారం రోజులుగా నేను చేసిన ప్రయత్నాలన్నీ పైన ఒకటి నుండి నాలుగు వరకు అంశములలో ఉన్నవి.

రేపు లెక్కలో గోదాముల వైపు నూట యాభై దాటి, సభలో మళ్ళీ ఆమె పత్రాన్నే పైకెత్తి చూపించినచో నాకు మళ్ళీ కడుపు మండును. అది నేను చూసుకొందును. ఆ కారణంగా తమరు వెనుకాడవలదు.

జతపరచినవి: నా లెక్కపత్రములు ఏడు, రెండువైపులా. అంచులలో రాసినవి కూడా చదువవలెనని మనవి. కాని లెక్కలోకి తీసుకొనవలదు.

తొందరలో రాసినది గనుక తప్పులుండును. వాటిని మన్నించి, అందులోని మనుషులను మాత్రం విడువకుండా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
గోదాముల వైపు లెక్క తప్పినామె

సాక్షి: పార్కు వైపు లెక్కించినామె (సంతకం)

తా.క.: సాక్షి సంతకం కోసం దీన్ని మా వదినకు ఇచ్చాను. తమ కార్యాలయం మెట్ల మీద కూర్చుని మొత్తం చదివింది. పసిబిడ్డ దగ్గర నవ్వింది. నాలుగో అంశం దగ్గర నవ్వలేదు.

"నామీద ఇంత కుళ్ళు పెట్టుకుని రోజూ బస్సులో నాకు సీటెలా పడుతున్నావే?"

"కుళ్ళుకుంటూనే పడుతున్నాను."

"సరే, ఇలా ఇవ్వు," అని సంతకం పెట్టింది. పెన్ను మూత బిగించి, "అంతా నా గురించే రాశావు. కట్ట గురించి ఏదే?" అంది.

వెదికాను. అమ్మ అన్న ఒక్క మాట తప్ప, కట్ట ఎలా ఉందో ఎక్కడా లేదు. అదీ మా వదినకే కనబడింది. పన్నెండు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. అందుచేత మెట్ల మీదే కూర్చుని రాస్తున్నాను.

ఇనుప వంతెన కింద మురుగుకాలువ ఉంది. వంతెనకు మూడు చెక్కలు లేవు. అందులో రెండు పక్కపక్కనే. కుడివైపు కమ్మీ ఉంది, ఎడమవైపు లేదు. లాండ్రీ వాళ్ళు ఆరుంపావుకి అక్కడికి వస్తారు. అప్పటిదాకా ఒకటే మాటలు. వంతెన దగ్గరికి రాగానే మాటలు ఆగిపోతాయి. ఒకరి వెనక ఒకరు, కుడిచెయ్యి కమ్మీ మీద వేసి దాటుతారు. దాటినవాళ్ళు ముందుకు పోరు. ఇవతల నిలబడి మిగతావాళ్ళ కాళ్ళ వైపే చూస్తుంటారు. ఆఖరి మనిషి నేల మీద అడుగు పెట్టాకే, ఎక్కడ ఆపారో అక్కడినుంచి మళ్ళీ మాట్లాడుకుంటూ వెళ్తారు.

ఆఖరి మనిషి మా అమ్మ.